మూగగది మనిషి సైకిలు

ఫ్యాన్ల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ చెవి బాబాయ్ అంటారు. అసలు పేరు జీతాల కిటికీ దగ్గర తప్ప ఇంకెక్కడా వినపడదు. అక్కడ పిలిచినా ఒక్కోసారి ఆయన పలకడు, పక్కవాడు మోచేత్తో పొడవాలి. ఫ్యాక్టరీ మొత్తంలో చెవులున్న మనిషని పేరు తెచ్చుకున్నవాడికి తన పేరే వినపడకపోవడం చూసి కుర్రకారు పగలబడి నవ్వుతారు. ఆయనా నవ్వుతాడు.

ఆయన చేసే పని వినడం. ఫ్యాక్టరీకి ఒక మూల, గోదాము వెనకాల, చిన్న గది ఒకటుంది. గోడలకు దళసరి దూది పరుపులు దిగ్గొట్టారు. తలుపుకు లోపలా బయటా తోలు కుట్టారు. కిటికీ లేదు. లోపలికి వెళ్ళి తలుపు మూసుకుంటే బయట ప్రపంచం ఉందో లేదో తెలియదు. కొత్తవాళ్ళెవరైనా అందులోకి వస్తే కాసేపటికే గొంతు సవరించుకుంటారు, అవసరం లేకపోయినా ఏదో ఒకటి మాట్లాడతారు. ఆ నిశ్శబ్దం మీదకొచ్చి కూర్చున్నట్టు ఉంటుందట. దానికి మూగగది అని ఎవరు పేరు పెట్టారో గానీ ఆ పేరే నిలిచిపోయింది.

తయారైన బల్ల ఫ్యాన్లు తోపుడుబండి మీద అక్కడికి వస్తాయి. చెవి బాబాయ్ ఒక్కొక్కదాన్నీ బల్ల మీద పెట్టి, స్విచ్చి వేసి, స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకుంటాడు. బాగుంటే అడుగున సుద్దముక్కతో సున్నా చుడతాడు. బాగా లేకపోతే ఇంటూ గుర్తు పెడతాడు. ఊరికే బాగాలేదు అంటే మరమ్మతు వాళ్ళకు ఏం అర్థమవుతుంది? అందుకని ఒక్కో జబ్బుకూ ఒక్కో పేరు పెట్టుకున్నాడు. సన్నగా గీపెట్టేది దోమ. ఇరుసు దగ్గర గరగరలాడేది పళ్ళు కొరికేది. మొదలుపెట్టగానే బాగుండి, వేడెక్కిన కొద్దీ గొణుగుడు అందుకునేది అత్తగారు. మరమ్మతు వాళ్ళకు ఇప్పుడు ఈ పేర్లు తప్ప వేరే పేర్లు రావు. "బాబాయ్, ఇవాళ దోమలు ఎక్కువైనట్టున్నాయే!" అంటూ బండి తోసుకుపోతారు.

ఇన్నేళ్ళుగా చేస్తున్నా ఆ పని ఆయనకు విసుగు పుట్టలేదు. ఎందుకంటే ఆయనకు శబ్దమంటే ఆశ్చర్యం. ఫ్యాను ఆపిన తరవాత ఆ చప్పుడు ఎక్కడికి పోతుంది? ఏమీ వినపడనప్పుడు చెవిలో మోగే ఆ సన్నని మోత ఎవరిది? ఇలాంటివి ఎవరినైనా అడిగితే పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారని తెలుసు కాబట్టి ఎవరినీ అడగలేదు. మూగగదిలో కూర్చుని తనను తానే అడుగుతూ ఉండేవాడు. ఆ గదిలో స్టూలు ఒక్కటుంటే చాలు, ఆయనకు ఇంకేమీ అక్కర్లేదు.

చిక్కంతా కంపెనీ తన బస్సు తీసేయడంతో మొదలైంది.

ఊరి బస్సు ఎక్కాల్సి వచ్చింది. అది ఎప్పుడూ కిక్కిరిసి ఉంటుంది. చోటు దొరికేదల్లా డ్రైవరు పక్కన, ఇంజను మూత దగ్గర. ఆ మూతకు బోల్టు ఊడిపోయి ఎన్నాళ్ళయిందో, దారి పొడుగునా రేకు డబ్బా కొట్టినట్టు కొట్టుకుంటూనే ఉంటుంది. దిగేసరికి ఆయన చెవుల్లో తేనెటీగల పట్టు కదిలినట్టుండేది. ముందు బస్సుకు వెళ్ళి, చెవులు తేరుకునే దాకా ఆగుదామంటే, వేళ కాకుండా గేటు తెరవరు. గేటు బయట లారీలు నిలబెట్టి ఇంజన్లు ఆపకుండా టీలు తాగుతుంటారు. ఆ తేనెటీగలతోనే మూగగదిలోకి వెళ్ళి కూర్చునేవాడు.

ఒకనాటి మధ్యాహ్నం సూపర్‌వైజరు ఒక ఫ్యాను చంకన పెట్టుకుని వచ్చాడు. వయసులో చిన్నవాడు, మాట మెత్తన.

"బాబాయ్, ఈ సున్నా మీదేనా?"

"నాదే."

"కొన్నవాళ్ళు వెనక్కి పంపారు. ఒకసారి వినండి."

చెవి బాబాయ్ స్విచ్చి వేశాడు. దోమ. దాక్కున్న దోమ కూడా కాదు, మొహం మీదికి వచ్చి పాడుతోంది.

"ఆ పొద్దున విన్నప్పుడు వినపడలేదు," అన్నాడు మెల్లగా.

"ఆ పొద్దున మీ చెవులు ఎక్కడున్నాయి బాబాయ్?"

"బస్సులో."

సూపర్‌వైజరుకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. స్టూలు అంచు పట్టుకున్నాడు. "ఇదొక్కటే అయితే నేనే సర్దేసేవాణ్ణి. ఇంకా వస్తున్నాయి. పైవాళ్ళు నన్ను పట్టుకున్నారు. నెలాఖరు దాకా చూస్తాను బాబాయ్. అప్పటికీ ఇలాగే ఉంటే మిమ్మల్ని ప్యాకింగు హాల్లోకి మార్చక తప్పదు. జీతం ఏమీ తగ్గదు లెండి."

జీతం సంగతి చెవి బాబాయ్ అసలు అనుకోనేలేదు. ప్యాకింగు హాలంటే పొద్దస్తమానం చెక్కపెట్టెలకు మేకులు కొట్టే చోటు. అక్కడ పనిచేసేవాళ్ళు ఇంటికెళ్ళాక కూడా పెళ్ళాంతో గట్టిగట్టిగా అరిచే మాట్లాడతారు, కోపం ఉండి కాదు, అలవాటై. ఒకసారి ఆ హాల్లోకి వెళ్ళిన చెవి మళ్ళీ మూగగదికి పనికిరాదు. ఈ మాట సూపర్‌వైజరుకూ తెలుసు, అందుకే స్టూలు వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

ఇంటిదగ్గర ఆయన భార్య ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని ఇరుగుపొరుగు బట్టలు కుడుతుంది. విన్నదంతా విని, కాలు ఆపకుండానే, "మరి బస్సు మానెయ్యండి," అంది.

"మానేసి?"

"నడుస్తారా?"

"నడిస్తే చేరేసరికి ఇంటికి బయల్దేరే వేళవుతుంది."

అప్పుడే బామ్మర్ది వచ్చాడు. రంగుల కొట్టులో పని అతనిది. ప్రపంచంలో అతను సలహా ఇవ్వలేని విషయం ఇంకా పుట్టలేదు. "స్కూటరు కొను బావా. నాకు తెలిసిన..."

"దానికీ ఇంజను ఉంటుంది కదరా."

"ఇంజను లేని బండి ఎక్కడుంటుంది?" అని బామ్మర్ది నవ్వబోయి, సగంలో ఆగిపోయాడు. "అంటే... సైకిలా? ఈ వయసులో? నీ మోకాళ్ళు నిన్ను తిడతాయి బావా."

"తిట్టనీ. పొద్దుటిపూట నాకు వినపడదుగా."

మిషను వెనకనుంచి ఆవిడ కిసుక్కుమంది. పళ్ళతో దారం తుంపి, మిషను సొరుగు లాగి చూపించింది. కుట్టుకూలి డబ్బులు అందులోనే ఉంటాయి. "ఇందులో ఉన్నదానికి ఏదొస్తే అది తెచ్చుకోండి. ఈ సొరుగు దాటారంటే మాత్రం నేను మిషను మీద మిమ్మల్నే కుట్టేస్తాను."

మర్నాడు బామ్మర్ది ఆయన్ని అద్దాల కొట్టుకు లాక్కెళ్ళాడు. సైకిళ్ళు పైకప్పుకు వేలాడుతున్నాయి. కింద వరసగా నిలబెట్టినవాటి మీద దుమ్ము కాదు కదా వేలిముద్ర కూడా లేదు. అమ్మేవాడు ఎదురొచ్చి, "ఎన్ని గేర్లది కావాలి సార్?" అన్నాడు.

"ఒకటి చాలదా?"

అమ్మేవాడి మొహంలో జాలి కనపడింది. బామ్మర్ది ఈలోపు గున్నఏనుగు కాళ్ళలాంటి టైర్లున్న ఒక నల్లటి సైకిలు దగ్గర చేరి, దాని హ్యాండిలు నిమురుతున్నాడు. చెవి బాబాయ్ దగ్గరికి వెళ్ళి, వెనకవైపు ఎత్తి, పెడలు ఒక తిప్పు తిప్పి కళ్ళు మూసుకున్నాడు.

అమ్మేవాడు కంగారుపడ్డాడు. "ఏమండీ, ఆయనకు కళ్ళు తిరుగుతున్నాయా? కుర్చీ వెయ్యమంటారా?"

"లేదండీ, వింటున్నాడు."

"ఏం వింటున్నారు?"

"అది ఆయనకే తెలియాలి."

కళ్ళు తెరిచి, "తారు రోడ్డు మీద ఈ టైర్లు గుర్రుపెడతాయి," అన్నాడు చెవి బాబాయ్. బామ్మర్ది ధర చీటీ తిప్పి చూశాడు. నిద్రపోతున్న పసిబిడ్డను పడుకోబెట్టినంత జాగ్రత్తగా దాన్ని మళ్ళీ యథాస్థానంలో వాల్చాడు. "పద బావా. మూడు సొరుగులు."

ఆ తరవాత చెవి బాబాయ్ ఒక్కడే వెళ్ళాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే దారిలో, టైర్లు వేలాడదీసిన ఒక రేకుల షెడ్డు ఉంది. పాత సైకిళ్ళు కొని, బాగుచేసి అమ్ముతారు. నడిపేది ఒకావిడ. కళ్ళజోడు జారిపోకుండా తాడు కట్టి మెడలో వేసుకుంది. మోచేతుల దాకా గ్రీజు. ఆయన వచ్చేసరికి ఒక చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని, వీణ శ్రుతి చేస్తున్నట్టు ఒక్కో చువ్వా మీటి బిగిస్తోంది. చువ్వ చువ్వకూ స్వరం మారుతోంది. ఆయనకు అక్కడే ప్రాణం లేచొచ్చింది.

"ఎంత దూరం వెళ్ళాలన్నయ్యా?" అని అడిగింది. ఫ్యాక్టరీ అని చెప్పాడు. "వానలో కూడా వెళ్తారా? క్యారేజీ ఉంటుందా? దారిలో ఎత్తుందా?" ఆయన అన్నిటికీ జవాబు చెప్పాడు. రోజూ తొక్కేవాడికి సైకిలు ఎందుకు కావాలో అద్దాల కొట్టువాడు అడగలేదు సుమా అని తోచింది.

"అయితే మడ్‌గార్డులున్నదీ, క్యారియరున్నదీ తీసుకోండి. సీటు మీద కూర్చుంటే మునివేళ్ళు నేలకు ఆనాలి. బ్రేకు పిడి మీ చెయ్యి నొప్పి పుట్టకుండా పలకాలి. కొనేవాళ్ళంతా ముందు రంగు చూస్తారు. తెలిసినవాళ్ళు అతుకులు చూస్తారు, ఇదిగో ఇక్కడ, పగులుంటే రంగు కింద దాక్కుంటుంది." చెప్తూ చెప్తూ తల తిప్పి చూసింది. "ఏంటన్నయ్యా, మీరు కళ్ళు మూసుకున్నారు?"

ఆయన ఒక్కో సైకిలు వెనకచక్రం ఎత్తి, తిప్పి, చెవి దగ్గర పెట్టుకుంటున్నాడు. ఆవిడకు ఇది కొత్త. రెంచి పక్కన పెట్టి, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ తమాషా చూసింది. ఒకదానికి ఇరుసులో గుండ్లు అరిగాయన్నాడు. ఆవిడ విప్పి చూస్తే నిజమే. "అమ్మో! మిమ్మల్ని అమ్మకానికి పిలవాలి గానీ కొనడానికి పిలవకూడదు," అంది.

ఆఖరికి రెండు మిగిలాయి.

ఒకటి ఇటుకరంగుది. ఎత్తు ఆయన కోసమే కొలిచినట్టుంది. టైర్లు కొత్తవి, హ్యాండిలు వెడల్పుగా ఉంది, నడుం వంగాల్సిన పని లేదు. కానీ చైను కవరు ఎక్కడో నొక్కుకుపోయి, పెడలు కిందికి వచ్చినప్పుడల్లా టక్‌మని తగులుతోంది. తొక్కడం ఆపితే వెనకచక్రం కిరకిరకిర మంటోంది.

"ఇది తీసుకోండి. బండి గట్టిది, సొరుగులో మీకింకా మిగుల్తుంది కూడా," అంది సైకిలావిడ. సొరుగు సంగతి ఆయన అప్పటికే చెప్పేశాడు. "కాస్త వాగుడు ఎక్కువ, అంతే."

రెండోది ముదురాకుపచ్చది. సీటు ఎంత దించినా ఆయనకు పిసరు ఎత్తే. ధర సొరుగంతా ఊడ్చేస్తుంది. కానీ చక్రం తిప్పితే, తిరుగుతోందని కన్ను చెప్పాలి గానీ చెవి చెప్పదు. అంత నిశ్శబ్దం మూగగది బయట ఎక్కడైనా ఉంటుందని ఆయన అనుకోలేదు. వేలు పెట్టి చక్రాన్ని ఆపుతూ, మళ్ళీ తిప్పుతూ, కొత్త బొమ్మ దొరికినవాడిలా అయిపోయాడు.

"ఇదే," అన్నాడు.

"మీ కాళ్ళకు అది నప్పలేదన్నయ్యా."

"నా చెవికి నప్పింది."

ఆవిడ పంపు అందుకుంది. "నెల తిరిగేలోపు తెస్తే మార్చి ఇస్తాను. అతుకు విరగ్గొట్టుకుని మాత్రం రాకండి," అని ముందు చక్రానికి గాలి కొట్టింది.

మొదటి కొన్ని పొద్దులూ ఆయనకు పండగే. ఇన్నాళ్ళూ ఈ దారిలో ఇన్ని శబ్దాలున్నాయని ఆయనకు తెలియదు. బస్సు ఇంజను వాటినన్నిటినీ మింగేసింది. ఎవరో వాకిలి ఊడుస్తున్నారు. చీపురు మట్టిమీద ఒకలా, రాతిమీద ఇంకొకలా పలుకుతుంది. ఒక ఇంట్లో కుళాయి కింద బిందె నిండుతోంది. నిండుతున్న కొద్దీ స్వరం పైకెక్కుతోంది. ఇంకా ఎంతసేపటికి పొర్లుతుందో చెప్పగలనా అని సైకిలు దిగి నిలబడ్డాడు. చెప్పగలిగాడు. లోపలినుంచి ఎవరో "అయ్యో, బిందె!" అని పరుగెత్తుకొచ్చారు. మనసులో సున్నా చుట్టుకుని సైకిలెక్కాడు.

సైకిలును కూడా వినేవాడు. అంత నిశ్శబ్దమైన వస్తువు కింద ఉంటే, ఎక్కడో ఏదో చిన్నది దాక్కుని ఉండకపోదని అనుమానం. వెనకచక్రంలో ఏదో తగిలినట్టయింది. దిగి, ఎత్తి, తిప్పి విన్నాడు. ఏమీ లేదు. మలుపు తిరిగాక మళ్ళీ అదే అనుమానం, మళ్ళీ దిగాడు. మళ్ళీ ఏమీ లేదు. ఎత్తు సీటు మీదనుంచి దిగినప్పుడల్లా తుంటి కలుక్కుమనేది. దాన్ని ఆయన లెక్కచెయ్యలేదు.

ఫ్యాక్టరీ చేరేసరికి చెవుల్లో తేనెటీగలు లేవు. స్టూలు మీద హాయిగా కూర్చుని, మొదటి ఫ్యానుకు ఇంటూ గుర్తు పెట్టాడు. రెండోదానికీ ఇంటూయే. దోమ వినపడుతోంది, సన్నగా, దూరంగా, ఉండీ లేనట్టు. ఆ పూట బండి నిండా ఇంటూలే.

మరమ్మతు వాళ్ళు సాయంత్రం వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "బాబాయ్, విప్పి చూశాం. దోమా లేదు, దాని పిల్లా లేదు."

"సరిగ్గా చూడండి."

"బిగించి మళ్ళీ విప్పాం బాబాయ్. మా తల ప్రాణం తోకకొచ్చింది."

ఇది ఒక రోజు కాదు, వరసగా జరిగింది. సూపర్‌వైజరు మళ్ళీ వచ్చాడు. ఈసారి అతని చేతిలో ఫ్యాను లేదు. "మొన్న చెడ్డవి మంచివన్నారు. ఇప్పుడు మంచివి చెడ్డవంటున్నారు. నేను పైవాళ్ళకు ఏం చెప్పను బాబాయ్? నెలాఖరు దగ్గరకొచ్చేసింది."

చెవి బాబాయ్‌కు బెంగ పట్టుకుంది. అంతకన్నా ఎక్కువగా ఆరాటం పట్టుకుంది: ఇదేమిటో తెలుసుకోవాలి. బస్సు వల్ల చెవి మొద్దుబారిందంటే అర్థముంది. ఇంత నిశ్శబ్దంగా వచ్చిన చెవి ఎందుకు అబద్ధం చెబుతోంది? దారిలో వినే చప్పుళ్ళు ఎక్కువయ్యాయేమోనని, మర్నాడు చెవుల్లో దూది పెట్టుకుని బయల్దేరాడు. మలుపులో వెనకనుంచి రొట్టెల వ్యాను వచ్చింది. హారను కొట్టిందట, ఆయనకేం తెలుసు? వ్యాను ప్రాణం పోతున్నట్టు కీచుమని ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "ఏం పెద్దాయనా! చెవుల్లో దూది పెట్టుకున్నావా?" అని అరిచాడు.

చెవి బాబాయ్ ఒక చెవిలోది తీసి, "అవును," అని చూపించాడు.

డ్రైవరు తల లోపలికి లాక్కుని వెళ్ళిపోయాడు.

సెలవురోజు వచ్చింది. మధ్యాహ్నం ముందుగదిలో, మిషను పక్కనే చాప వేసుకుని ఆయన వెల్లకిలా పడుకున్నాడు. ఆవిడ పక్కింటివాళ్ళ కర్టెన్లు కుడుతోంది. ఆ మిషను పాతది. తొక్కుతుంటే చట్రం టకటకలాడుతుంది, పట్టా మెలికపడ్డ చోట ప్రతి చుట్టుకూ ఒక టప్పు. ఆ పక్కనే ఆయనకు కునుకు పట్టేసింది.

దారం తెగి మిషను ఆగింది. చెవి బాబాయ్ ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. "ఏమైంది?"

"ఏమవుతుంది, దారం తెగింది. పడుకోండి." సూదిలో దారం ఎక్కిస్తూ ఆవిడ నిష్ఠూరంగా అంది: "ఇదేం చోద్యమో! ఇందాక ఎంత పిలిచినా ఉలకరు పలకరు. మిషను ఆగితే మాత్రం లేచి కూర్చుంటారు."

ఆయన మిషను దగ్గరికి జరిగాడు. "మళ్ళీ కుట్టు."

"ఏం?"

"కుట్టవే చెప్తాను."

ఆవిడ కుట్టింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. "ఇప్పుడు ఆపు... మళ్ళీ కుట్టు... ఆపు."

"వంట్లో బాగానే ఉందా?"

బాగానే ఉంది. మిషను నడుస్తున్నంతసేపూ ఆయన చెవి దేనినీ వెతకడం లేదు. గోడ అవతలి మాటలూ, వీధిలో బళ్ళూ వచ్చి పోతున్నాయి, చెవి వాటి వెంట పడటం లేదు. మిషను ఆగిన క్షణాన లేచి, ఏది ఎక్కడుందా అని ఇల్లంతా తడుముతోంది. తెలిసిన చప్పుడు, మొదలూ చివరా ఎరిగిన చప్పుడు ఒకటి పక్కన నడుస్తుంటే, దాన్ని నమ్మి చెవి పడుకుంటుంది. నిశ్శబ్దం అలా కాదు. ఇన్నేళ్ళ మూగగదిలో నిశ్శబ్దమంటే పని మొదలైందని చెవికి అలవాటు. ఆకుపచ్చ సైకిలు ఎక్కిన క్షణంనుంచీ, తన గుమ్మంలోంచే పని మొదలైపోతోంది. దారంతా వెతికి వెతికి అలసిపోయి వచ్చిన చెవికి చివరికి లేని దోమలు కూడా వినపడుతున్నాయి.

"నీ మిషను నాకు కాపలా కాస్తోందే," అన్నాడు.

"మరి దానికి జీతం ఇవ్వండి," అని ఆవిడ కర్టెను తిప్పి వేసింది.

మర్నాడు ఫ్యాక్టరీ పని కాగానే ఆకుపచ్చ సైకిలు తొక్కుకుంటూ రేకుల షెడ్డుకు వెళ్ళాడు. ఇటుకరంగుది అక్కడే ఉందా లేదా అన్నదొక్కటే భయం. ఉంది. గోడకు ఆనించి, దాని సీటు మీద ఆవిడ తన మధ్యాహ్నపు క్యారేజీ పెట్టుకుంది.

"ఏమన్నయ్యా, మూగమ్మాయితో పొత్తు కుదరలేదా?"

"దానితో తప్పులేదమ్మా. నేనే దాన్ని నిద్రపోనివ్వలేదు."

ఆవిడకు అర్థం కాలేదు. కాకపోయినా అతుకులన్నీ తడిమి చూసి, తృప్తిపడి, క్యారేజీ తీసి ఇటుకరంగు సైకిలు బయటికి తెచ్చింది. ఆయన ఎక్కి షెడ్డు ముందు ఒక చుట్టు తిరిగాడు. మునివేళ్ళు నేలకు అందాయి. టక్, టక్, టక్. తొక్కడం ఆపగానే కిరకిరకిర.

"ఆగండి, ఆ కవరు ఒక్క దెబ్బకు సరిచేసి ఇస్తాను," అంటూ ఆవిడ సుత్తి అందుకుంది.

"అయ్యో వద్దమ్మా! ముట్టుకోకు!"

సుత్తి ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది. "ఇన్నేళ్ళ నుంచి సైకిళ్ళు అమ్ముతున్నాను. చప్పుడు తీసెయ్యమని వచ్చినవాళ్ళను చూశాను గానీ, చప్పుడు కావాలని వచ్చినవాణ్ణి మిమ్మల్నే చూస్తున్నాను." సొరుగుకు తిరిగి చేరాల్సింది తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన అందులోంచి ఒక బెల్లు, వెనక తగిలించే ఎర్రటి అద్దం కొన్నాడు. రొట్టెల వ్యాను ఆయనకు ఇంకా గుర్తుంది.

మొదటి పొద్దున కొంత దూరం దాకా ఆ టక్కునే విన్నాడు. ఎందుకు అక్కడే తగులుతోంది, రెండు టక్కుల మధ్య ఎంత ఖాళీ ఉంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఆ ఖాళీ ఎలా సాగుతోంది, ఇవన్నీ చూసుకున్నాడు. చూడాల్సింది అయిపోయాక చెవి దాన్ని వదిలేసింది. బిందెలూ చీపుర్లూ పక్కనుంచి పోయాయి. వ్యాను హారను కొడితే ఒక్కసారిగా వినపడింది. పక్కకు తప్పుకున్నాడు. డ్రైవరు పోతూ పోతూ తన చెవి చూపించి సైగ చేశాడు. చెవి బాబాయ్ రెండు చెవులూ చూపించాడు, ఖాళీగా ఉన్నాయని.

గేటు లోపల సైకిలు స్టాండు వేసి, మూగగదిలోకి వెళ్ళి తలుపు మూసుకున్నాడు. నిశ్శబ్దం అప్పుడు మొదలైంది. చెవి అప్పుడు లేచింది.

నెలాఖరు రోజున సూపర్‌వైజరే స్వయంగా బండి తోసుకొచ్చి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అవి ఎక్కడి ఫ్యాన్లో చెప్పలేదు. చెవి బాబాయ్ అడగలేదు. సున్నా చుట్టాడు, మళ్ళీ సున్నా, తరవాత ఒక ఇంటూ పెట్టి, "పళ్ళు కొరికేది," అన్నాడు. ఇంకొకటి విని ఆపి, మళ్ళీ వేసి, మళ్ళీ ఆపాడు. సుద్దముక్క పక్కన పెట్టేశాడు.

"దీని సంగతి నాకు తెలియడం లేదు. వేడెక్కాక వింటాను. అత్తగారేమోనని అనుమానం."

ఫ్యాను తిరుగుతూనే ఉంది. సూపర్‌వైజరు ఒకసారి గొంతు సవరించుకోబోయి ఆపుకున్నాడు. చాలాసేపటికి ఫ్యాను గొణుగుడు అందుకుంది. సూపర్‌వైజరుకు వినపడలేదు గానీ చెవి బాబాయ్ మొహం చూసి తెలుసుకున్నాడు.

"అత్తగారేనా?"

"అత్తగారే."

సూపర్‌వైజరు ఫ్యానును తిప్పి, కాలి దగ్గర తాను ముందుగా అంటించుకున్న చిన్న కాగితం ముక్క చించేశాడు. "మొన్న తిరిగొచ్చినవాటిలోదే ఇది. దీన్ని మరమ్మతు వాళ్ళే పట్టుకోలేకపోయారు. సరే బాబాయ్, రేపు పొద్దున బండి ఇక్కడికే పంపిస్తాను." తలుపు దగ్గర ఆగి, "అన్నట్టు, పొద్దున్నే స్టాండు దగ్గర టకటకలాడుతూ ఒక డొక్కు సైకిలు వస్తోంది. ఎవరిదో తెలుసా? కాస్త నూనె వెయ్యమని చెప్పాలి వాడికి."

"నాది," అన్నాడు చెవి బాబాయ్.

ఆ మాట మధ్యాహ్నానికల్లా ఫ్యాక్టరీ అంతా పాకింది. ఊరందరి ఫ్యాన్లకూ వంకలు పెట్టే మనిషి ఎక్కే బండి ఇదట అని నవ్వుకున్నారు. సాయంత్రం స్టాండు దగ్గరికి వెళ్ళేసరికి ఇటుకరంగు మడ్‌గార్డు మీద ఎవరో సుద్దతో పెద్ద ఇంటూ గుర్తు కొట్టి ఉంచారు. మరమ్మతు వాళ్ళు ఎడంగా నిలబడి, నవ్వు పెదవుల కింద నొక్కిపెట్టి చూస్తున్నారు.

చెవి బాబాయ్ వెనకచక్రం ఎత్తి, పెడలు ఒక తిప్పు తిప్పి, అలవాటు ప్రకారం కళ్ళు మూసుకున్నాడు. టక్, టక్. కిరకిరకిర. నమ్మకంగా విన్నాడు, తొందరపడకుండా. తరవాత చొక్కా చేత్తో ఇంటూను తుడిచేసి, జేబులోంచి సుద్దముక్క తీసి గుండ్రంగా సున్నా చుట్టాడు.

వాన పడితే అది పోతుంది. పోయినప్పుడల్లా మళ్ళీ చుట్టుకుంటాడు.